పది స్టూళ్ళు అడిగిన పాపానికి

ఇరవై రెండేళ్ళ వయసుకి ఒక ఇబ్బంది ఉంది. ఆ వయసులో మనం ఒక మాట అంటే పెద్దవాళ్ళు ఆ మాట వినరు, మనచేత ఎవరు అనిపించారా అని వెతుకుతారు. కూరలో ఉప్పు తగ్గిందంటే నిజంగానే తగ్గిందేమోనని ఎవరో ఒకరు రుచి చూస్తారు. అదే పనివాళ్ళ గురించో, జీతాల గురించో, ప్రభుత్వం గురించో నోరు విప్పామా, ఇక రుచి చూసేవాళ్ళే ఉండరు. “ఇవన్నీ నీకు ఎవరు నూరిపోస్తున్నారమ్మా” అంటారు. ఆ ఆలోచన మన బుర్రలోనే పుట్టి ఉండవచ్చని ఒక్కరికీ తోచదు. ఆ రోజుల్లో నాకు జరిగింది సరిగ్గా ఇదే. ఏడెనిమిదేళ్ళు గడిచిపోయాయి, ఒక పిల్ల తల్లినయ్యాను, బీపీ మాత్ర కూడా మొదలైంది, అయినా ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. (బీపీకి కారణం అది కాదని డాక్టరుగారు అంటారు. ఆయన మా పెద్దనాన్నగారితో ఎప్పుడూ వాదించలేదు.)

మాది తాడేపల్లిగూడెం. నాన్నగారికి మార్కెట్టు వీధిలో నోటు పుస్తకాలూ పెన్నులూ అమ్మే చిన్న కొట్టు ఉంది. ఆయన పొద్దుటి నుంచి పడుకునేదాకా మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పోస్టుకార్డు నిండదు. ఆయన వాటా మాటలు కూడా మా పెద్దనాన్నగారే మాట్లాడేసేవారు. పెద్దనాన్నగారికి ఏలూరులో మా తాతగారు మొదలుపెట్టిన మూడంతస్తుల బట్టల కొట్టు. నా ఎంకాం పూర్తవగానే, “కంప్యూటర్లో బిల్లింగు చూసుకోవడానికి బయటివాళ్ళెందుకు, మన పిల్ల ఉండగా” అని నన్ను పిలిపించారు. రోజూ పొద్దున గూడెంలో పాసింజరు ఎక్కి, భీమడోలు దాటాక చేపల చెరువుల మీద పడుతున్న ఎండ చూస్తూ, ఏలూరు పవర్‌పేటలో దిగి కొట్టుకి వెళ్ళేదాన్ని. నాకు మెడలో ఐడీ కార్డు, తిరిగే కుర్చీ, నెత్తిమీద ఏసీ. నేనేదో పెద్ద కంపెనీలో మేనేజరునన్నట్టు పోజు.

ఆ కొట్టులో ఒక నియమం ఉండేది. చీరలు చూపించే ఆడవాళ్ళు కూర్చోకూడదు. పొద్దున తొమ్మిదిన్నరకి నిలబడితే సాయంత్రం దీపాలు పెట్టాక కూడా నిలబడే ఉండాలి. కస్టమర్ల కోసం వేసిన స్టూళ్ళు ఖాళీగా ఉన్నా వాటిని ముట్టుకోకూడదు. “అమ్మేవాడు కూర్చుంటే కొనేవాడు లేచిపోతాడు” అని పెద్దనాన్నగారు ఏదో శాస్త్రంలోంచి చెప్పినట్టు చెప్పేవారు. పెళ్ళిపట్టు సెక్షనులో నలభై ఏళ్ళు దాటిన ఒకావిడ పనిచేసేది. కొల్లేటి అంచున ఉన్న లంక గ్రామం నుంచి షేరాటోలో వచ్చేది కాబట్టి అందరూ కొల్లేటక్క అనేవారు, రిజిస్టర్లో ఆవిడ అసలు పేరు చదివినా అది ఎవరిదో ఎవరికీ తెలిసేది కాదు. మెట్లెక్కి వస్తున్న మనిషిని చూసి ఆ ఇంట్లో పెళ్ళి కూతురిదో కొడుకుదో చెప్పగలిగేది. ఆ ఏడాది ఆషాఢం సేలు రోజుల్లో, ఒక మధ్యాహ్నం రద్దీ కాస్త తగ్గగానే, ఆవిడ ఫాల్సు గుడ్డల మూట ఒకటి లాక్కుని దాని మీద రెండు నిమిషాలు కూలబడింది. పాదాలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. అంతలో ఫ్లోర్ మేనేజరు వచ్చాడు. (అమ్మాయిలందరూ అతనికి పెట్టుకున్న పేరు సీసీ కెమెరా.) ఒక్క మాట అనకుండా రిజిస్టరు తీసి ఆవిడకి సగం రోజు ఆబ్సెంటు వేసేశాడు. ఇదంతా నేను నా తిరిగే కుర్చీలో కూర్చునే చూశాను. కూర్చుని చూస్తున్నానన్న సంగతి మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే కంప్యూటర్లో ఒక అర్జీ కొట్టాను. పైన “విషయం” అని, కింద “మా డిమాండ్లు” అని రెండు గీతలు గీసి, ఒకటో నంబరు వేసి, సేల్స్ సిబ్బందికి పది స్టూళ్ళు ఇప్పించవలెను అని రాశాను. రెండో నంబరు లేదు. ఒక్కదాన్ని బహువచనంలో ఎందుకు రాశానంటే, అలా అయితే బరువుగా ఉంటుందని. కింద సంతకం పెట్టి పెద్దనాన్నగారి బల్ల మీద పెట్టి, ఆయన నన్ను మెచ్చుకుంటారనే అనుకుని వచ్చి కూర్చున్నాను. పావుగంటకి పిలుపు వచ్చింది.

“ఇది నువ్వే రాశావా అమ్మా?” అన్నారు కళ్ళజోడు పైకి తోసుకుని.

“నేనేనండీ పెద్దనాన్నగారూ.”

“మా డిమాండ్లు అన్నావు. ఈ ‘మా’లో ఎవరెవరున్నారు?”

నేను ‘మా’ని వదిలేసి ‘డిమాండు’ని పట్టుకున్నాను. “డిమాండు అంటే మరోలా అనుకోకండి. ఎంకాంలో ఆ మాట రోజూ వాడతామండి. డిమాండు, సప్లయి అని” అన్నాను.

“నాకు తెలుసులేమ్మా. మొదట డిమాండు అంటారు, తర్వాత కొట్టు ముందు టెంటు వేస్తారు.”

“తాతగారు కూర్చునే అమ్మేవారటగా అండీ. పరుపు మీద తెల్లదుప్పటి పరుచుకుని, కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఎదురెదురుగా కూర్చునేవారని మీరే చెప్పారు.”

“తాతగారు ఓనరు” అన్నారు పెద్దనాన్నగారు, కాగితం మడత పెట్టి జేబులో పెట్టుకుంటూ.

ఆ కాగితం ఆదివారం నాటికి గూడెంలో మా ఇంటికి చేరింది. పెద్దనాన్నగారూ పెద్దమ్మా వచ్చారు. భీమవరం పక్కన ఉండిలో రైసు మిల్లు నడిపే మా మావయ్య వచ్చాడు. కాగితం పెళ్ళి శుభలేఖలాగా చేతులు మారింది. అందరూ ముందు చదివి, తర్వాత నన్ను చూసి, మళ్ళీ చదివారు. మావయ్య గొంతు తగ్గించి, నన్ను పక్కకి కూర్చోబెట్టుకుని, “ఏ పార్టీ అమ్మా?” అన్నాడు. పార్టీ ఏమీ లేదు మావయ్యా అన్నాను. “అవునవును, మొదట అలాగే చెప్పమంటారు” అన్నాడు. కాలేజీలో ఏ లెక్చరరు దగ్గర ఎక్కువ కూర్చునేదాన్నో అడిగాడు. ఫోనులో ఏం చూస్తున్నానో అడిగాడు. ఆ తర్వాత నా గదిలోకి వెళ్ళి అలమారా వెతికి ఎర్ర అట్ట ఉన్న పుస్తకం ఒకటి గర్వంగా బయటికి తెచ్చాడు. తెరిచి చూస్తే అది ఇన్‌కం ట్యాక్సు గైడు. లోపల ఏముందో చూశాక మావయ్యకి ఇంకా ఎక్కువ భయమేసినట్టుంది, గబగబా మూసేశాడు.

“ఈ కాలం పిల్లలకి కష్టం అంటే తెలీదు బావగారూ. ఫోనులో ఎవడో ఏదో అంటాడు, వీళ్ళు నిజం అనుకుంటారు. వీళ్ళ చేతికి ఇస్తే రేపొద్దున కొట్టు తీసుకెళ్ళి అందరికీ పంచేస్తారు” అన్నాడు పెద్దనాన్నగారితో. నేను అడిగింది స్టూళ్ళు. కొట్టు పంచమని ఎవరన్నారు? ఆ మాట గట్టిగా అడగబోతుంటే పెద్దమ్మ అందుకుంది. “నా పెళ్ళైన కొత్తలో ఇంటిల్లిపాదికీ, కొట్లో గుమాస్తాలకీ రెండు పూటలా నిలబడే వండానమ్మా. నేనెప్పుడైనా స్టూలు అడిగానా?” అంది.

“అడగాల్సింది పెద్దమ్మా” అన్నాను.

ఆ రోజు నేను చేసిన అసలు నేరం అదే. ఎందుకంటే పెద్దమ్మ నన్ను కోప్పడలేదు. కాసేపు వంటగది వైపు చూస్తూ ఆలోచనలో పడింది. అది చూసి పెద్దనాన్నగారి మొహం మాడిపోయింది. ఇంత గొడవ జరుగుతుంటే నాన్నగారు మూల కుర్చీలో కూర్చుని పేపరు నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్ళీ పెట్టి, ఆఖరికి “భోజనాలు చల్లారిపోతున్నాయి” అన్నారు. అంతే. మా అమ్మాయి అడిగిందాంట్లో తప్పేముంది అన్నయ్యా అని ఒక్క ముక్క అనలేదు. అందరి మీదకంటే నాకు ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. అన్నగారు ఎదురుగా ఉంటే నోరు పెగలని మనిషి అనుకుని, ఆయన వడ్డించబోయిన గుత్తివంకాయ కూర వద్దన్నాను. (నాకు ప్రాణమైన కూర. అంత త్యాగం ఎవరూ గమనించలేదు.)

చుట్టాలు వెళ్ళగానే మా రెండిళ్ళ అవతల ఉండే ఎర్రతాతగారు వచ్చారు. వయసులో ఉన్నప్పుడు ఏలూరులో ఒక మిల్లులో పనిచేస్తూ యూనియను నడిపిన మనిషి. భుజాన గుడ్డసంచి, అందులో అంచులు పసుపుపచ్చబడ్డ పుస్తకాలు. నా సంగతి అప్పటికే వీధంతా పాకింది. ఆయన మొహం పండగలా ఉంది. అమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని, “విన్నానమ్మా. ఈ వీధిలో ఇంకో గొంతు లేస్తుందని అనుకోలేదు. మీ కమిటీలో ఎంతమంది?” అన్నారు.

“కమిటీ లేదండీ తాతగారూ. నేనొక్కదాన్నే.”

“పర్వాలేదు, ఏదైనా ఒక్కరితోనే మొదలవుతుంది. మీ లక్ష్యం ఏమిటి?”

పొద్దుటి నుంచి నన్ను ఒక్కరైనా సవ్యంగా ప్రశ్న అడిగారన్న సంతోషంలో నేను మనసు విప్పేశాను. “కాళ్ళ నొప్పి లేకపోతే వాళ్ళు ఇంకా ఓపిగ్గా చీరలు చూపిస్తారండీ. అమ్మకాలు పెరుగుతాయి. అప్పుడు భీమవరంలో ఇంకో బ్రాంచి పెట్టచ్చు. ఫోనులో వీడియోలు పెట్టి ఎక్కడెక్కడివాళ్ళకో అమ్మచ్చు” అన్నాను.

తాతగారు కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశారు. “అంటే వాళ్ళ చేత ఇంకాస్త చాకిరీ చేయించుకోవడానికా ఈ స్టూళ్ళు?”

“కాదండీ, వాళ్ళకీ హాయి, కొట్టుకీ లాభం. రెండూనండి.”

“రెండూ కుదరవమ్మా. నువ్వు యజమాని పక్షం” అన్నారు బాధగా. “మీ తరానికి ఒక సిద్ధాంతమంటూ లేదు.” సంచి భుజాన వేసుకుని, కాఫీ అలాగే వదిలేసి వెళ్ళిపోయారు.

ఇప్పుడు చెప్పండి. భోజనాల వేళకి నేను కొట్టు లాక్కోబోయే విప్లవకారిణిని, కాఫీల వేళకి కార్మికుల రక్తం పీల్చే దోపిడీదారుని. రెండు పక్షాలూ జీవితంలో మొదటిసారి ఒక విషయంలో ఏకాభిప్రాయానికి వచ్చాయి. అది నాకు బుద్ధి లేదని. మనిషి కాళ్ళు వాస్తే కూర్చోవాలనడానికి ఒక పార్టీ ఉండాలా? కూర్చున్న మనిషి బాగా పనిచేస్తుందంటే అది కుట్ర ఎలా అవుతుంది? ఈ రెండు ప్రశ్నలూ ఆ రోజు గోడకి చెప్పుకున్నాను. గోడ కూడా పెద్దదే, మా తాతగారు కట్టించింది, అది కూడా వినలేదు.

సోమవారం పెద్దనాన్నగారు తీర్పు చెప్పారు. కోపంగా కాదు, ఆయన ఎప్పుడూ గొంతు పెంచరు. “నువ్వు వారం రోజులు పెళ్ళిపట్టు సెక్షనులో నిలబడమ్మా. ఆ తర్వాత కూడా స్టూళ్ళు కావాలంటే అప్పుడు మాట్లాడుకుందాం” అన్నారు. సరేనండీ అని తల ఎగరేసి వెళ్ళి కొల్లేటక్క పక్కన నిలబడ్డాను. మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఉద్యమంలో ఉన్నట్టే ఉంది. సాయంత్రం తిరుగు రైల్లో కూర్చున్న ఒక ముసలాయన వైపు, ఎప్పుడు లేస్తాడా అని గూడెం దాకా కన్నార్పకుండా చూశాను. రెండో రోజు చెప్పులు మార్చాను. మూడో రోజు చెప్పులు విప్పేసి చలవరాతి మీద వట్టికాళ్ళతో నిలబడ్డాను. ఆ వేళకి అద్దాల వెనక చీరలు కట్టిన బొమ్మల్ని చూసి నాకు అసూయ పుట్టింది. వాటికి వెనక ఇనప ఊచ ఉంది.

ఆ రోజు భోజనం గంటలో కొల్లేటక్క నన్ను పక్కకి పిలిచింది. “కోప్పడనంటే ఒక మాట అడుగుతానండి అమ్మాయిగారూ” అంది.

“అడుగక్కా.”

“ఆ కాయితం రాసే ముందు మమ్మల్నెవరినన్నా ఒక్క మాట అడిగారా అండి?”

నేను మెడలో ఐడీ కార్డు తిప్పుకుంటూ నిలబడ్డాను.

“మీరు మా పేరు మీద రాశారు. ఆ మర్నాటి నుంచి బాత్రూంకి వెళ్ళినా ఆ మేనేజరు వాచీ చూసి టైము రాస్తన్నాడండి. మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. మాది అలా కాదు కదండి.”

“తప్పయిందక్కా” అన్నాను. నిజంగానే అనిపించింది. “మరి మీకేం కావాలి?”

“స్టూళ్ళు కావాలండి, ఎందుకొద్దు. కానీ దానికంటే ముందు తలుపున్న గది ఒకటి కావాలి. మెట్ల కింద కూర్చుని అన్నం తింటన్నాం. పైకెళ్ళేవాళ్ళ చెప్పుల దుమ్ము మా క్యారేజీల్లో పడతంది.”

నెలల తరబడి రోజుకి నాలుగుసార్లు ఆ మెట్లెక్కి దిగిన దాన్ని నేను. ఆ దుమ్ములో నా చెప్పులది కూడా ఉండే ఉంటుంది. నా మాట ఎవరూ వినలేదని ఊరందరి మీదా మండిపడ్డ నేను, ఎవరి కోసం అరిచానో వాళ్ళని ఒక్కసారైనా పలకరించలేదు. ఆ వేళ నా క్యారేజీ కూడా తెచ్చుకుని మెట్ల కింద వాళ్ళతోనే తిన్నాను. పులిహోరలో దుమ్ము పడింది. కోపం మాత్రం తగ్గలేదు. కాకపోతే ఈసారి అందులో నా వాటా కూడా కలిసింది.

శుక్రవారం పెంటపాడు నుంచి ఒక పెద్దావిడ ఇద్దరు కోడళ్ళని వెంటబెట్టుకుని వచ్చారు. శ్రావణంలో మనవరాలి పెళ్ళి. తాతగారి కాలం నుంచీ మా కొట్టుకే వచ్చే కుటుంబం. నేను చీర విప్పి చూపిస్తూ, బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మార్చుకుంటూ అవస్థ పడుతుంటే ఆవిడ చీర వదిలేసి నా కాళ్ళకేసి చూశారు. “నువ్వు కూర్చోమ్మా” అన్నారు. కూర్చోకూడదండీ అన్నాను. “అదేంటమ్మా? నువ్వలా నిలబడి ఉంటే బస్సుకి టైమైపోతున్నట్టు నాకు కంగారుగా ఉంటోంది. ఒక్క చీరా బుర్రకెక్కట్లేదు” అన్నారు. అంతలో పాత కస్టమరు వచ్చారని తెలిసి పెద్దనాన్నగారు స్వయంగా పైకి వచ్చారు.

“ఏవండీ, మీ నాన్నగారి రోజుల్లో ఎంచక్కా పరుపు మీద కూర్చుని చూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఈ పిల్లల్ని కొల్లేట్లో కొంగల్లా నిలబెట్టారేంటండీ” అన్నారు ఆవిడ.

పెద్దనాన్నగారు సీసీ కెమెరా వైపు చూశారు. సీసీ కెమెరా పరిగెత్తుకెళ్ళి రెండు స్టూళ్ళు తెచ్చాడు. ఒకటి నాకు, ఒకటి కొల్లేటక్కకి. కొల్లేటక్క పెద్దనాన్నగారి మొహం చూసి, స్టూలు చివర కూర్చుంది, లేవమంటే లేవడానికి వీలుగా. మూడు గంటలపాటు అమ్మాం. ఆ మూటలు కారు దాకా మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చారు.

తర్వాతి వారం కొట్టుకి పన్నెండు స్టూళ్ళు వచ్చాయి. నేనడిగినవాటి కంటే రెండు ఎక్కువ. “కస్టమర్ల సౌకర్యం కోసం ఒక కొత్త పద్ధతి ఆలోచించాను” అని పెద్దనాన్నగారు ఫోనులో మావయ్యకి చెబుతుంటే నేను పక్కనే ఉన్నాను. అవతల నుంచి మావయ్య, “మీ వ్యాపార దక్షత ముందు ఈ కాలం పిల్లలు ఏపాటి బావగారూ” అనడం నా చెవులారా విన్నాను. అదే మాట నేనంటే టెంటు, పెంటపాడు ఆవిడంటే పద్ధతి. స్టూలు మాత్రం ఒకటే. నా కాగితం ఊసే ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తరు.

గది సంగతి మాత్రం ఈసారి కాగితం మీద పెట్టలేదు. కొల్లేటక్కని వెంటబెట్టుకుని వెళ్ళాను. నేను న్యాయం, మర్యాద అని మొదలుపెట్టబోతుంటే ఆవిడ నా చెయ్యి మెల్లగా నొక్కి, “అయ్యగారూ, మెట్ల కింద మేం తింటంటే పట్టుచీరలకి పప్పుచారు వాసనొస్తందని కస్టమర్లు అంటన్నారండి” అంది. ఏ కస్టమరు అన్నారో నేను అడగలేదు. నాలుగో రోజుకి స్టాకు గది సగం ఖాళీ చేయించి దానికి తలుపు పెట్టించారు. ఎంకాం రెండేళ్ళలో నాకు ఎవరూ చెప్పని పాఠం ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పింది.

మరుసటి వేసవిలో ఎన్నికలొచ్చాయి. ఏడాది పొడుగునా బంధువులు కనపడినప్పుడల్లా నేను ఏ పార్టీయో ఆరా తీస్తూనే ఉన్నారు. అసలు నిజం ఏమిటంటే నాకు అప్పటికి ఓటే లేదు. ఫొటో బాగా రాలేదని రెండుసార్లు దరఖాస్తు వాయిదా వేశాను. రాజకీయాల్లో నా తీవ్రత అంతటిది. ఆఖరికి నాన్నగారే ఫారం తెచ్చి, నింపి, నా చేత సంతకం పెట్టించుకున్నారు. ఎన్నికల రోజు గూడెంలో మునిసిపల్ స్కూలు దగ్గర ఆడవాళ్ళ వరసలో నేను, మగవాళ్ళ వరసలో ఆయన పక్కపక్కనే నిలబడ్డాం. ఎండ మండిపోతోంది. వరస కదలడం లేదు.

“ఆ వారం రోజులు నువ్వు కొట్లో నిలబడ్డావు చూడు,” అన్నారు నాన్నగారు ఉన్నట్టుండి, “కాళ్ళు బాగా నొప్పెట్టాయా అమ్మా?”

ఆ ఏడాదంతా నన్ను అందరూ అన్నీ అడిగారు. ఈ మాట మాత్రం ఎవరూ అడగలేదు. “నొప్పెట్టాయండి” అన్నాను.

“మడమలా, పిక్కలా?”

“మొదట మడమలండి.”

“ఊఁ. మూడో రోజుకి పిక్కలకి ఎక్కుతుంది” అన్నారు. “నేను ఎనిమిదేళ్ళు నిలబడ్డాను. కింద షర్టింగు సెక్షనులో. నా పెళ్ళికి ముందు. ఒకసారి కుర్చీ కావాలని అడిగాను. అన్నయ్య కోప్పడ్డారు. ఆ తర్వాతే గూడెం వచ్చేసి కొట్టు పెట్టుకున్నాను.”

నేను ఆయన వైపు తిరిగాను. నాన్నగారు ఆ కొట్లో పనిచేశారని నాకు తెలుసు. ఓనరు తమ్ముడు కదా, గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంటారనుకున్నాను. ఎప్పుడూ అడగలేదు. “మరి ఆ ఆదివారం ఒక్క మాట కూడా అనలేదేంటి నాన్నగారూ?” అన్నాను. నా గొంతులో కోపం ఉంది, అది ఎటు వెళ్ళాలో దానికే తెలియడం లేదు.

“నువ్వు బాగానే మాట్లాడుతున్నావు కదమ్మా” అన్నారు ఆయన.

వెనకాల ఎవరో ముందుకి జరగండమ్మా అన్నారు. జరిగాను. నా తరాన్ని ఎవరూ అర్థం చేసుకోవడం లేదని ఏడాదిపాటు గోడలకి చెప్పుకున్న ఆ పిల్లని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వులో కాస్త జాలి, ఇంకాస్త సిగ్గు. ఓటేసి బయటికి వచ్చేసరికి నాన్నగారు నాకంటే ముందే వచ్చి స్కూలు వరండాలో నిలబడి ఉన్నారు. ఎవరికి వేశావని అడగలేదు. పక్కనున్న బెంచీ మీద దుమ్ము రుమాలుతో దులిపి, “కాసేపు కూర్చుందామా” అన్నారు. ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.